విసరుటయు నడ్డుటయు

స్త్రీల పత్రికలో బంతియాటకు చోటేమని కొందరు సోదరీమణులు ముక్కుపై వ్రేలు వేసికొనవచ్చును. మా తమ్ముడు 2018వ సంవత్సరమున పై చదువులకై అమెరికాకేగి, అట్లాంటా నగరమందలి జార్జియా టెక్ అను విద్యాలయమున చేరినది మొదలు, ఆ విద్యాలయపు ఫుట్‌బాలు జట్టు మా యింటికి చుట్టమైనది. వాడు స్టేడియమున కూర్చుండి చూచుచుండ, మేమిచ్చట ఫోను తెరపై చూచుచుండెడివారము. అచ్చటి పగటి యాట మనకు రాత్రి భోజనముల పిదప వచ్చును. అచ్చటి రాత్రి యాట ఆదివారము తెల్లవారుజామున, మనము పొయ్యి వెలిగించుటకు ముందు వచ్చును. కావున ఇంటిపనికి లోటు రాలేదని మనవి.

2019వ సంవత్సరమున ఆ జట్టు 12 ఆటలాడి 3 గెలిచి 9 ఓడెను. ఆ యేడెల్ల మా తమ్ముని నోట రెండే మాటలు. "అక్కా, మావారికి బంతి విసరుట రాదు. ఎదుటివారు విసరిన బంతి నడ్డుటయు రాదు." స్టేడియమున వాని చుట్టు కూర్చున్నవారును ఇట్లే యనుచుండిరట. విసరు బాలుడు దద్దమ్మ, అడ్డు బాలురు అంతకు మించిన దద్దమ్మలు! ఇవి రెండు దోషములు కావనియు, ఒకే దోషము రెండు చోట్ల బయటపడినదనియు మా యభిప్రాయము. అది యెట్లో చెప్పుటకే ఈ వ్యాసము.

ముందుగా ఆట స్వరూపము కొంచెము తెలియవలెను. మన యూళ్లలో ఫుట్‌బాలనగా గుండ్రని బంతిని కాలితో తన్నుట. అమెరికావారి ఫుట్‌బాలు వేరు. బంతి ఒలిచిన కొబ్బరికాయవలె కోలగా నుండును. దానిని చేతులతో పట్టుదురు. మైదానము 100 గజములు. ఇరుప్రక్కల 11 మంది చొప్పున నిలుతురు. బంతి చేత నున్న జట్టు నాలుగు ప్రయత్నములలో 10 గజములు ముందునకు పోవలెను. పోయినచో మరి నాలుగు ప్రయత్నములు లభించును; పోలేనిచో బంతి ఎదుటివారి పాలగును. ముందునకు పోవుటకు దారులు రెండు. బంతిని పొట్ట కదుముకొని పరుగెత్తుట యొకటి. దూరమున పరుగెత్తుచున్న తనవానికి గాలిలో విసరుట రెండవది. విసరువానిని క్వార్టర్‌బ్యాక్ అందురు. అతని ముందు ఐదుగురు భారీ బాలురు గోడవలె నిలిచి కాతురు. ఆ గోడ నిలుచునది సుమారు మూడు సెకనులు. ఆలోపుగనే అతడు నలుదెసలు చూచి, ఎవనికి విసరవలయునో నిశ్చయించి, విసరివేయవలెను.

మన కబడ్డీలో కూతకు పోయినవాడే తిరిగి వచ్చి పట్టువారిలో నిలుచును. ఈ యాటలో నట్లు కాదు. పూర్వము ఒకే 11 మంది రెండు పనులును చేయుచుండిరి. 1960ల నడుమ నుండి కళాశాలల యాటలో మనుష్యులను కావలసినన్ని మారులు మార్చుకొనవచ్చునను నియమము స్థిరపడినది. నాటినుండి దాడి చేయువారు వేరు, అడ్డుకొనువారు వేరు; వారి గురువులును వేరు. ఒకరు మైదానమున నుండగా రెండవవారు ప్రక్కన బల్లపై కూర్చుందురు. అందుచేతనే విసరుటకును అడ్డుటకును సంబంధము లేదని చూపరులు తలంతురు. సంబంధము శనివారపు మైదానమున కనబడదు. సోమవారము మొదలు శుక్రవారము వరకు జరుగు అభ్యాసమున నున్నది.

అసలు బంతిని ముందునకు విసరుట ఈ యాటకు పుట్టుకతో వచ్చిన విద్య కాదు. మొదట నది నిషిద్ధము. ఇరు జట్లవారు నొక్కచో గుమిగూడి ఒకరి నొకరు త్రోసికొని, త్రొక్కుకొని పోవుటయే యాట. 1905వ సంవత్సరమున నొక్క యేటనే 18 మంది బాలురు ఈ యాటలో మరణించిరని నాటి పత్రికలు లెక్క ప్రకటించినవి. అప్పటి దేశాధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్టు పెద్ద విద్యాలయముల వారిని తన భవనమునకు పిలిపించి ఆటను చక్కబరుపుడని చెప్పెను. మరుసటి యేడు, అనగా 1906లో, ముందునకు విసరుటకు అనుమతి లభించెను. గుమిని చెదరగొట్టి ప్రమాదము తగ్గించుట దాని యుద్దేశములలో నొకటి. ఆ విసరు వెనుక కొందరు తల్లుల కడుపుకోత యున్నదని తలచినపుడు, దానిని వట్టి వినోదమని త్రోసివేయుటకు మాకు మనసు రాదు.

ఆ నియమమునకై చిరకాలము వాదించినవారిలో జాన్ హైస్మన్ అను శిక్షకుడు ముఖ్యుడు. ఆయన 1904 నుండి 1919 వరకు ఈ జార్జియా టెక్ జట్టునకే గురువు! ఇంకొక వింత: ఆయన జట్టు 1916లో కంబర్లాండ్ కళాశాలను 222–0 గా ఓడించినపుడు బంతిని ఒక్కమారైనను ముందునకు విసరలేదు. పరుగుతోనే పని తీరిపోయినది.

విసరుట యొక్క బలము దేశమునకెల్ల వెల్లడియైనది 1913లో. నోటర్ డేమ్ అను విద్యాలయపు బాలురు వెస్ట్ పాయింట్‌లోని సైనిక విద్యాలయమువారిని వారి మైదానముననే 35–13 గా గెలిచిరి. విసరినవాడు గస్ డోరైస్. పట్టినవారిలో ప్రధానుడు న్యూట్ రాక్నీ. వారిరువురు ఆ వేసవిలో ఎరీ సరస్సు తీరమున సీడర్ పాయింట్ అను విహారస్థలమున పనికి కుదిరి, తీరికవేళల ఇసుకలో నిలిచి విసరుట, పట్టుట అభ్యసించిరట. సైనిక బాలురకు బలము కొదువ లేదు. అట్టి విసరులను తమ మైదానమున నిత్యము చూచు నలవాటు మాత్రము లేదు. ఈ తుది మాటను సోదరీమణులు జ్ఞాపకముంచుకొన ప్రార్థన.

ఇక మన జట్టు సంగతి. 2008 నుండి 2018 వరకు జార్జియా టెక్‌నకు పాల్ జాన్సన్ గురువు. ఆయన పద్ధతికి ట్రిపుల్ ఆప్షన్ అని పేరు. క్వార్టర్‌బ్యాక్ బంతి నందుకొని, ఎదుటివాని యడుగు ఎటు పడినదో చూచి, నడుమ నున్నవాని పొట్టలో బంతి పెట్టుటయో, తానే పరుగెత్తుటయో, ప్రక్కన వచ్చువాని కందిచ్చుటయో, మూటిలో నొకటి చేయును. పరుగే ప్రధానము. విసరుట విస్తరిలో ఊరగాయవంటిది. ఎదుటివారందరు పరుగును పట్టుటకు ముందునకు జరిగిన వేళ, తటాలున దూరముగా నొకటి విసరుదురు. 2009లో డిమేరియస్ థామస్ అను బాలుడు ఆ యేడంతయు పట్టిన బంతులు 46 మాత్రమే. వానితో సాధించిన దూరము 1,154 గజములు. ఆ పద్ధతితోనే 2014లో 11 ఆటలు గెలిచిరి. ఆరెంజ్ బౌల్ అను ప్రసిద్ధమైన పోటీలో మిసిసిప్పీ స్టేట్ వారిని 49–34 గా ఓడించిరి. కనుక ఆ విద్య తక్కువదని యెవరును అనరాదు.

2018 అక్టోబరు 25వ తేదీన వారు వర్జీనియా టెక్ జట్టును దాని యూరిలోనే 49–28 గా గెలిచిరి. ఆ యాటలో జార్జియా టెక్ వారు విసరగా తమవాని చేత పడిన బంతులెన్ని? సున్న! టొబయాస్ ఆలివర్ అను యువ క్వార్టర్‌బ్యాక్ 40 మారులు బంతి పట్టుకొని 215 గజములు పరుగెత్తెను. మా తమ్ముడు నాడు మాటలాడిన తీరు చూచినచో, తానే పరుగెత్తెనని యెవరైనను భ్రమపడెడివారు.

ఆ యేటి చివర జాన్సన్ విరమించెను. జెఫ్ కాలిన్స్ అను క్రొత్త గురువు వచ్చి పాత పద్ధతిని పూర్తిగా వదలి, ఇతర విద్యాలయములవలె విసరుటకు చోటిచ్చు ఆటను ప్రవేశపెట్టెను. 2019 నవంబరు 16వ తేదీన అదే వర్జీనియా టెక్ జట్టు అట్లాంటాకు వచ్చి 45–0 గా గెలిచి పోయెను. ఏడాదిలోపల ఏమి మారినది? బాలురలో పెక్కుమంది పాతవారే. వారి కండలు పోలేదు, బుద్ధి పోలేదు. వారిని ఏ విద్యకై యేరి తెచ్చిరో ఆ విద్య పోయినది.

గోడగా నిలుచు ఐదుగురి సంగతి చూడుడు. పరుగుకై తీర్చిన బాలుడు ముందునకు వంగి, చేతిపై బరువు మోపి, బంతి కదలిన తక్షణము పొట్టేలువలె దూకును. ఎదుటివాని కాళ్లకు తగిలి పడద్రోయును. విసరువానిని కాచుటకు దానికి సరిగా వ్యతిరేకము కావలెను: వెనుకకు జరుగుచు, నడుము నిలిపి, చేతులతో ఆపుచు, తాను పడక, ఎదుటివానిని పోనీయక. పాతవారు వడికై తేలికగా నుండిరి. క్రొత్తపనికి బరువు కావలెను. టైట్ ఎండ్ అని, కొంతసేపు గోడయై కొంతసేపు బంతి పట్టువాడై యుండు నొక స్థానము కలదు. పాత పద్ధతిలో నట్టివానికి చోటే లేదు. అట్టివారిని బజారున కూరగాయలవలె నొక్కపూటలో తెచ్చుకొనలేరు గదా!

విసరువాని కష్టము మరియొకటి. పట్టువాడు ఎచ్చట నున్నాడో అచ్చటికి విసరరాదు. ఇంకొక సెకనునకు ఎచ్చట నుండునో అచ్చటికి విసరవలెను. వాడు తిరిగి చూచునప్పటికి బంతి గాలిలో నుండవలెను. ఇది కన్నులతో చేయు పని కాదు. ఆదిపర్వమున అర్జునుడు రాత్రి భుజించుచుండ గాలికి దీపమారెను. చీకటిలోనైనను చేయి నోటికి తప్పక పోవుట చూచి, అభ్యాసముండిన బాణమును చీకటిలో గురికి పోవునని అతడు గ్రహించి సాధన మొదలిడెను. ఈ యాటలో విసరువానికిని పట్టువానికిని నడుమ అట్టి చీకటి సాధనయే కావలెను; అదియు ఇరువురకు కలిసి కావలెను. ఒక్కని చేయి యెంత గొప్పదైనను చాలదు.

ఇక అడ్డువారి మాట. వీరు వారమంతయు అభ్యాసము చేయునది ఎవరి యెదుట? తమ ఇంటివారి యెదుటనే. మన అవధానులను చూడుడు. పృచ్ఛకులు గడుసువారైనకొలది అవధాని రాటుదేలును. నిత్యము దత్తపదియే యడుగువారి నడుమ పెరిగినవానికి నిషిద్ధాక్షరి యిచ్చినచో తడబడడా? ట్రిపుల్ ఆప్షన్ ఆడు జట్టులోని అడ్డువారు ఇంట నిత్యము చూచునది పరుగు. ఎదుటి జట్టువలె విసరుటకు రెండవ తరగతి బాలురను కొందరిని ఆ వారమునకు నియమింతురు గాని, అది నాటకములో గడ్డము తగిలించుకొన్న ఋషివంటిది. ఏండ్ల తరబడి అట్టి సాధన చేసి, పిదప 2019లో ఇంటనే విసరుట మొదలైనపుడైనను వారికి దొరకిన గురువులెవరు? తామే ఇంకను నేర్చుకొనుచున్న బాలురు. గురి తప్పు విసరులను ఆపి ఆపి, తామాపగలమని నమ్మి, శనివారము గురి తప్పని వాని యెదుట నిలువవలసి వచ్చెను.

వీని రెంటిని గడియారము ఇంకొక విధమున ముడివేయును. ఇది మాకు మిక్కిలి ఆసక్తి కలిగించినది. పరుగెత్తినవాడు మైదానములోపల పడిపోయినచో గడియారము సాధారణముగా నడచుచునే యుండును. విసరిన బంతి ఎవరి చేతను పడక నేల బడినచో గడియారము నిలిచిపోవును. పాత జట్టు మెల్లగా పరుగుమీద పరుగు పెట్టుచు, బంతిని చాలసేపు తమయొద్ద నుంచుకొనుచుండ, వారి అడ్డువారు బల్లపై విశ్రమించెడివారు. క్రొత్త జట్టు మూడు విసరులు నేలపాలు చేసి, నిమిషమైనను గడవక బంతిని ఎదుటివారికి అప్పగించెడిది. అప్పుడే చెమట తుడుచుకొని నీరు త్రాగబోవు అడ్డువాడు మరల లేవవలెను. ఆట చివరిభాగమున వాడు అరయడుగు వెనుకబడును. పట్టువానికి కావలసినది ఆ అరయడుగే. చూపరులు "వీడు అడ్డలేకపోయినాడు" అందురు. వాని కాళ్ల యలసటకు మూలము, అంతకు ముందు తన జట్టువాడు నేలపాలు చేసిన విసరులో నున్నది.

అంకెలను చూచి తీర్పు చెప్పుటయు ప్రమాదమే. ఆటాట కెదుటివారు విసరుటచే సాధించిన గజములను కూడి, ఈ జట్టు అడ్డుట మేలనియు కీడనియు చెప్పువారున్నారు. కాని చాల ముందున్న జట్టు బంతి విసరుట మాని, పరుగులతో గడియారము కరగించును. అప్పుడు ఓడినవాని అడ్డులెక్క మంచిగా కనబడును! మొత్తము గజములు కాక, ఒక్కొక్క విసరునకు ఎన్ని గజములిచ్చిరో చూచుట కొంత న్యాయము. నెలజీతములో మిగులు కనబడినదని సంతసించి, పచారీకొట్టు బాకీ లెక్కింపని ఇల్లాలివంటిది మొదటి లెక్క.

2019 సెప్టెంబరు 14వ తేదీన జరిగినది చెప్పక పోరాదు. దక్షిణ కరోలినాలోని సిటడెల్ అను చిన్న సైనిక కళాశాల జట్టు అట్లాంటాకు వచ్చెను. ఆటకు పైగా అదనపు సమయ మాడి 27–24 గా జార్జియా టెక్‌ను ఓడించెను. ఆ సిటడెల్ జట్టు ఆడిన పద్ధతి యేదనుకొన్నారు? ట్రిపుల్ ఆప్షన్! ఇల్లు విడిచిన విద్య పొరుగువాని చేతి కర్రయై వచ్చి వీపున తగిలినది. నాడు మా తమ్ముడు ఫోను పెట్టివేసి రెండు దినములు మాటలాడలేదు.

మా వారు ఉపాధ్యాయులు. ఆటలపై ఆసక్తి తక్కువ. "జట్టు మారినపుడు మొదట కొంత కష్టముండును. అంతమాత్రమునకు ఇంత చర్చయేల?" అనిరి. మేమూరకొనక, "మీ తరగతిలో జరిగినది మరచితిరా?" అంటిమి. వారి పాఠశాలలో చిన్నతరగతుల నుండి తెలుగున చదివిన పిల్లలను ఒక వేసవి సెలవులు గడచునప్పటికి ఇంగ్లీషు మాధ్యమమున కూర్చుండబెట్టిరి. అందొక బాలుడు. లెక్కలలోను సామాన్యశాస్త్రములోను ముందుండెడివాడు. ప్రశ్న పూర్తికాకముందే చేయెత్తెడివాడు. క్రొత్తయేడు ప్రశ్న యర్థముగాక తలవంచి కూర్చుండెను. తనిఖీకి వచ్చిన పెద్దమనిషి రెండు ప్రశ్నలడిగి, "వీడు మందమతి" అని అందరి యెదుట ననెను. నాడు మా వారు ఇంటికి వచ్చి అన్నము ముట్టలేదు. ఇంగ్లీషు నేర్పుట తప్పని మేమనము. మా పిల్లలును నేర్చుకొనుచున్నారు. పాత విద్య తీసివేసినవారు క్రొత్త విద్యకు వలయు కాలమీయక, ఫలితము మాత్రము వెంటనే యడిగి, రానపుడు బాలుని నుదుట ముద్ర వేయుటయే మేమోర్వలేనిది. అట్లాంటాలో ఏబది వేలమందికి పైగా కూర్చుండగల చోట, ఇరువది యేండ్ల బాలుని పైనను అదే ముద్ర వేసిరి.

మా వారు చాలసేపు మాటలాడలేదు. పిదప, "ఆ గురువు తప్పు మాత్రము లేదందువా?" అనిరి. ఉన్నదని మా యుద్దేశము. పాత పరుగును కొంత నిలుపుకొని, దానిపై విసరును మెల్లగా చేర్చియుండవచ్చును. క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలి చేత మొదటిదినముననే పుట్టింటి వంటలన్నియు మాన్పించి, ఆ సాయంకాలమే అత్తవారి పులుసు రుచి రాలేదని నిందించు గృహములును లేకపోలేదు.

కాలిన్స్ శిక్షకత్వమున 2020లోను 2021లోను మూడేసి ఆటలే గెలిచిరి. 2022 సెప్టెంబరున విద్యాలయమువా రాయనను తొలగించిరి. ఆ స్థానమున బ్రెంట్ కీ వచ్చెను. ఆయన పూర్వము ఇదే విద్యాలయపు జట్టున, విసరువానిని కాచు గోడలో నిలిచినవాడే. 2023లో టెక్సాస్ ఎ అండ్ ఎం నుండి హేన్స్ కింగ్ అను క్వార్టర్‌బ్యాక్ వచ్చి చేరెను. అతడు విసరగలడు, పరుగెత్తగలడు. ఆ యేడును మరుసటి యేడును ఏడేసి గెలుపులు వచ్చినవి. 2024 నవంబరున తమ చిరకాల ప్రత్యర్థియైన జార్జియా విశ్వవిద్యాలయముతో ఎనిమిది అదనపు విడతలాడి 44–42 గా ఓడిరి. ఆ యోటమికి మా తమ్ముడు ఏడ్వలేదు, గర్వపడెను. ఇట్లు ఒక విద్యాలయమునుండి మరియొకదానికి మారుట ఆటగాండ్రకు 2021 నుండి మిక్కిలి సులభమైనది. దానిచే లోటు త్వరగా తీరవచ్చును. కాని విసరువాడు, పట్టువాడు, గోడవారు ఏటేట క్రొత్తవారైనచో చీకటి సాధన ఎప్పుడు జరుగును? ఈ ప్రశ్నకు మా తమ్ముడును సమాధానము చెప్పలేదు.

వర్జీనియా టెక్‌పై 215 గజములు పరుగెత్తిన టొబయాస్ ఆలివర్ ఏమైనాడని మా వారొకనాడు తామై యడిగిరి. పద్ధతి మారిన పిదప క్వార్టర్‌బ్యాక్ పని అతనికి నిలువలేదని చెప్పితిమి. మొదట నతనిని బంతి పట్టువారిలో చేర్చిరి. తరువాత, ఎదుటివారి విసరు నడ్డువారిలోనికి పంపిరి. అనగా మైదానమున ఈవలి వైపున నేర్చినదంతయు విడిచి, ఆవలి వైపున వెనుకకు పరుగెత్తుట నేర్చుకొనెను.

మా వారు దిద్దుచున్న పరీక్షాపత్రముల కట్టను ప్రక్కకు జరిపి, "అలిగి విడిచిపోయెనా?" అని యడిగిరి.

"లేదు. అడ్డువారిలో నిలిచెను" అంటిమి.